శివాలిక్ శిలాజ నమూనాల పెట్టె: పళ్ళను నమ్మవచ్చు, వయసుల కార్డులను నమ్మలేము

డిగ్రీ కళాశాలల భూవిజ్ఞాన విభాగాల కోసమూ, ఇంట్లో పిల్లలకు చూపించాలనుకునే ఆసక్తిపరుల కోసమూ ఉత్తరాదిలోని ఒక సంస్థ తయారుచేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న శివాలిక్ (హిమాలయాల దిగువ కొండల) శిలాజ నమూనాల పెట్టెను మా విభాగం కొని, ఒక విద్యా సంవత్సరమంతా తరగతిలో వాడింది. ఇందులోని లోపాల గురించి వారితో మా ఉత్తర ప్రత్యుత్తరాలు ఇంకా నడుస్తున్నందువల్ల సంస్థ పేరు రాయడం లేదు. ముందుగా తీర్పు చెప్పేస్తాను: అచ్చులు, అంటే శిలాజాల నకళ్ళు, చాలా శ్రద్ధగా చేశారు, వాటితో పాటు ఇచ్చిన రాతపని మాత్రం అశ్రద్ధగా చేశారు. కొనేవాళ్ళలో ఎక్కువమంది వానరపు ముఖాన్ని చూసి డబ్బు చెల్లిస్తారు కాని, ఈ పెట్టెకు నిజమైన విలువ తెచ్చేవి దాని కింది అరలో పడి ఉన్న గుర్రం పన్ను, పంది పన్ను, ఎలుక పళ్ళు. ఆ సంగతి తయారుచేసినవారికే సరిగా తెలిసినట్లు లేదు.

పై అరలో శివాపితెకస్ అనే అంతరించిన వానరపు ముఖమూ కింది దవడా ఉంటాయి. పాకిస్తాన్‌లోని పొట్వార్ పీఠభూమిలో దొరికి, జీఎస్‌పీ 15000 అనే సంఖ్యతో ప్రసిద్ధికెక్కిన శిలాజానికి ఇది నకలు. రెండో అరలో హిమాచల్ ప్రదేశ్‌లోని హరితల్యాంగర్‌లో దొరికిన ఒక పై దవడ ముక్క నకలు. మూడో అరలో ఆ వానరాలతో పాటు దొరుకుతాయంటూ ఇచ్చిన క్షీరదాల దంతాలు: హిప్పారియన్ అనే మూడు వేళ్ళ గుర్రం, లిస్ట్రియోడాన్ అనే పంది, జిరాఫోకెరిక్స్ అనే పొట్టి మెడ జిరాఫీ, డైనోథీరియం అనే ఏనుగు వంటి జంతువు, ఒక మూషిక జింక, చివరగా ఏనుగుల బంధువైన స్టెగోడాన్. ఒక చిన్న డబ్బాలో పాతిక రెట్లు పెద్దవి చేసి పోతపోసిన రెండు ఎలుక దంతాలు ఉంటాయి. వీటికి తోడు ఒక్కో నమూనాకు ఒక్కో వయసు కార్డు, నలుపు తెలుపు గళ్ళతో ఉన్న రెండు పొడవాటి కాగితపు పట్టీలు, గోడకు తగిలించే రంగుల చిత్రపటం, ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఒక చిన్న పుస్తకం.

ముఖం అచ్చుతో మొదలుపెడతాను. రెజిన్‌తో పోసిన ఈ నకలు చేతిలో బరువుగా, నిండుగా ఉంటుంది. నిలువుగా సాగిన కనుగుంటలు, రెండు కళ్ళ మధ్య ఇరుకైన ఎముక, నుదుటి నుంచి పై దవడ దాకా లోపలికి వంగిన ముఖపు వంపు, నడిమి కొరుకుడు పళ్ళు పెద్దవిగానూ పక్కవి చిన్నవిగానూ ఉండడం, ఇవన్నీ నకలులో స్పష్టంగా దిగాయి. ఇవే లక్షణాలు నేటి ఒరాంగుటాన్ ముఖంలో కనబడతాయి కనుక, ఒరాంగుటాన్ పుర్రె ఫోటోను పక్కన పెట్టి చూపిస్తే విద్యార్థులు ఎవరూ చెప్పకుండానే పోలికలు పట్టుకుంటారు. ఒక్క లోపం ఉంది. ఏ భాగం అసలు ఎముకో, ఏ భాగం శాస్త్రజ్ఞులు పూరించి నిలబెట్టినదో తెలియకుండా అంతా ఒకే రంగు పూశారు. మంచి ప్రదర్శనశాలల్లో పూరించిన భాగానికి కాస్త లేత రంగు వేస్తారు. ఇక్కడ ఆ పని చేసి ఉంటే అదనంగా అయ్యే ఖర్చు పెద్దగా ఏమీ ఉండేది కాదు.

హరితల్యాంగర్ దవడ ముక్క చూడడానికి ఏమంత ఆకర్షణీయంగా ఉండదు కాని, పాఠానికి దానంత పనికివచ్చే వస్తువు మరొకటి లేదు. 1932లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జి. ఎడ్వర్డ్ లూయిస్ దీన్ని సేకరించి, 1934లో రామాపితెకస్ అని పేరుపెట్టి ప్రకటించాడు. 1961 నుంచి ఎల్విన్ సైమన్స్, ఆ తరవాత అతనితో కలిసి డేవిడ్ పిల్‌బీమ్, ఇది మానవ శాఖకు చెందిన తొలి ప్రాణి అని వాదించారు. కెన్యాలోని ఫోర్ట్ టెర్నన్‌లో దొరికిన ఇటువంటి దవడకు అగ్నిపర్వత శిలల ఆధారంగా సుమారు 1 కోటి 40 లక్షల ఏళ్ళ వయసు తేలడంతో, మనిషి శాఖ చింపాంజీ శాఖ నుంచి అంతకు ముందే విడిపోయిందని పాఠ్యపుస్తకాలలో రాసుకున్నారు. 1967లో విన్సెంట్ సారిచ్, అలన్ విల్సన్ రక్తంలోని ప్రోటీన్లను పోల్చి, ఆ చీలిక జరిగి 50 లక్షల ఏళ్ళే అయిందని చెప్పినప్పుడు శిలాజాల పండితులు చాలామంది ఒప్పుకోలేదు. ఆ తగవును తీర్చడంలో ప్రధాన పాత్ర వహించింది ఈ పెట్టె పై అరలోని ముఖమే. 1982లో పిల్‌బీమ్ దాన్ని ప్రకటించినప్పుడు, శివాపితెకస్ ఒరాంగుటాన్ వైపు బంధువని స్పష్టమైంది. రామాపితెకస్ అన్నది శివాపితెకస్‌లోనే కలిసిపోయింది. తన వాదాన్ని తన సేకరణే తోసిపుచ్చినప్పుడు దాన్ని పిల్‌బీమ్ దాచిపెట్టకుండా ప్రకటించడం నాకు ఎప్పుడూ గౌరవం కలిగించే విషయం. 1990లో అదే బృందం ప్రకటించిన భుజపు ఎముకలు ఒరాంగుటాన్ ఎముకలలా లేకపోవడంతో ఆ బంధుత్వం కూడా కొంత చిక్కుపడింది. ఈ కథంతా పెట్టెలోని పుస్తకంలో రెండున్నర వాక్యాలలో ముగిసిపోతుంది, భుజపు ఎముకల ప్రసక్తే లేదు.

ఇక వయసుల కార్డులు. నా అసంతృప్తి అంతా వీటి దగ్గరే ఉంది. ప్రతి కార్డు మీదా పేరు, దొరికిన చోటు, దాని కింద పెద్ద అక్షరాలతో ఒకే ఒక్క అంకె. శివాపితెకస్ ముఖం కార్డు మీద 80 లక్షల సంవత్సరాలు అని ఉంది. ఆ అంకె తప్పని ఒక్కమాటలో కొట్టివేయడానికి వీల్లేదు, ఎందుకంటే 1982లో ఆ ముఖాన్ని ప్రకటించినప్పుడు చెప్పిన వయసు అదే. తరవాతి దశాబ్దాలలో ఆ వయసు 90 లక్షల ఏళ్ళు దాటింది. ఎముక దొరికిన పొర మారలేదు, ఎముకా మారలేదు, కొలిచే మానదండం మారింది. ఆ మానదండం ఏమిటో, అది ఎందుకు మారిందో చెప్పని కార్డు విద్యార్థికి ఒక అంకెను బట్టీ పట్టించడానికి మాత్రమే పనికివస్తుంది.

పుస్తకంలోని మొదటి పుట ఇంకా అన్యాయం. శిలాజాల వయసును కార్బన్ పరీక్షతో నిర్ణయిస్తారని అందులో అచ్చువేశారు. కార్బన్-14 అర్ధాయువు, అంటే అందులో సగం తరిగిపోవడానికి పట్టే కాలం, సుమారు 5,730 ఏళ్ళు. 50 వేల ఏళ్ళు గడిచేసరికి కొలవడానికి తగినంత మిగలదు. కోటి ఏళ్ళ నాటి దవడలో దాన్ని వెతకడం వృథా. అగ్నిపర్వత బూడిదలోని స్ఫటికాలకు, పొటాషియం మెల్లగా ఆర్గాన్‌గా మారడాన్ని కొలిచే పొటాషియం-ఆర్గాన్ పద్ధతి పనిచేస్తుంది. తూర్పు ఆఫ్రికాలో శిలాజాల పొరల మధ్య అటువంటి బూడిద తరచుగా దొరుకుతుంది కనుక అక్కడి పరిశోధకుల పని కొంత సులువు. శివాలిక్ కొండలు అలా ఏర్పడినవి కావు. హిమాలయాల నుంచి దిగిన నదులు కోటిన్నర ఏళ్ళకు పైగా పరచిన ఇసుకరాయి, మట్టిరాయి పొరలు అవి. బూడిద పొరలు అక్కడక్కడా పలచగా తగులుతాయే తప్ప శిలాజాల పక్కనే ఉండవు. మరి కోటీ ఇరవై లక్షలనీ, తొంభై లక్షలనీ ఎలా చెబుతున్నారు అన్నదే ఈ పెట్టె వివరించవలసిన అసలు ప్రశ్న. తమాషా ఏమిటంటే, దాన్ని వివరించే సరంజామా పెట్టెలోనే ఉంది. వివరణ మాత్రమే లేదు.

ఆ సరంజామాలో మొదటిది గళ్ళ పట్టీలు. భూమి అయస్కాంత ధ్రువాలు గతంలో అనేకసార్లు తారుమారయ్యాయి. నది పరచిన సన్నని మట్టి గట్టిపడుతున్నప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు అప్పటి ధ్రువాల దిశను పట్టి ఉంచుతాయి. పొరపొరకూ రాతి ముక్కలు దిశ గుర్తుపెట్టి కోసి తెచ్చి, ప్రయోగశాలలో కొలిస్తే, నేటి దిశ ఉన్న పొరలు నల్లగడిగా, వ్యతిరేక దిశ ఉన్నవి తెల్లగడిగా ఒక వరుస ఏర్పడుతుంది. ప్రపంచమంతటికీ ఇటువంటి వరుస ఒకటి సముద్రగర్భపు శిలల నుంచి ముందే తయారై ఉంది. పొట్వార్‌లో ఈ పని 1970ల చివర నుంచి విస్తారంగా జరిగింది, కనుకనే శివాలిక్ క్షీరదాల కాలక్రమం ప్రపంచంలోని అత్యంత వివరమైన కాలక్రమాలలో ఒకటిగా నిలిచింది. పెట్టెలోని ఒక పట్టీ ప్రపంచ వరుస, రెండోది కొండ వాలు నుంచి తెచ్చిన వరుసకు నమూనా. రెండోదాన్ని మొదటిదాని పక్కన జరుపుతూ ఎక్కడ సరిపోతుందో కనిపెట్టాలి.

తరగతిలో ఈ పట్టీలను బల్ల మీద పరిచినప్పుడు జరిగింది చెప్పవలసిందే. విద్యార్థులు పట్టీని జరిపి చూసి, ఇక్కడ సరిపోయింది అని ఒకరూ, కాదు ఇంకా కిందికి జరిపితే అక్కడా సరిపోతోంది అని మరొకరూ వాదించుకున్నారు. ఇద్దరూ సరిగానే చూశారు. నలుపు తెలుపు గళ్ళకు తమంతట తాముగా తేదీ ఉండదు. వాటిని ఎక్కడో ఒకచోట బిగించే మేకు కావాలి. ఎక్కడైనా ఒక బూడిద పొర దొరికితే అది ఆ మేకు అవుతుంది. అది లేనప్పుడు కింది అరలోని గుర్రం పన్ను ఆ పని చేస్తుంది.

హిప్పారియన్ జాతి గుర్రాలు ఉత్తర అమెరికాలో పుట్టి, సముద్రమట్టం తగ్గినప్పుడు బేరింగ్ దారి గుండా ఆసియాకు వచ్చాయి. అంతకు ముందు యూరప్‌లోనూ ఆసియాలోనూ ఆ గుర్రాలు లేవు. అవి పాత ప్రపంచానికి చేరినది సుమారు 1 కోటి 10 లక్షల ఏళ్ళ కిందట. శివాలిక్ పొరలలో మొదటిసారి కనబడేది సుమారు 1 కోటి 7 లక్షల ఏళ్ళ దగ్గర. అందువల్ల ఒక పొరలో వానరపు దవడతో పాటు హిప్పారియన్ పన్ను దొరికితే ఆ దవడ అంతకన్నా పాతది కాదని నిశ్చయంగా చెప్పవచ్చు. తేదీ వేయని పాత ఉత్తరం ఏ కాలానిదో కవరు మీది తపాలా బిళ్ళను బట్టి పోల్చుకున్నట్లే ఇది. పెట్టెలోని హిప్పారియన్ నకలు చాలా బాగుంది: ఎత్తయిన పన్ను, నమిలే తలం మీద ముడతలు పడిన ఎనామెల్ గీతలు, వాటి మధ్య విడిగా నిలిచిన చిన్న ఎనామెల్ దీవి, అన్నీ వేలితో తడిమి గుర్తించవచ్చు. నేటి గుర్రం పంటిలో ఆ దీవి విడిగా ఉండదు, పక్క ముడతతో కలిసిపోయి ఉంటుంది. ఇంత మంచి నకలుకు ఇచ్చిన కార్డు మీద గుర్రం పన్ను, 90 లక్షల సంవత్సరాలు అని మాత్రమే రాయడం చూస్తే బాధ కలుగుతుంది.

ఎనామెల్ దీవిని చూపించి, పట్టీని ఆ గుర్రం వచ్చిన కాలం దగ్గర బిగించాక మిగిలినదంతా లెక్కల పాఠం. సుమారు 1 కోటి 10 లక్షల ఏళ్ళ నుంచి కోటి ఏళ్ళ దాకా ధ్రువాలు దాదాపు మారకుండా ఉన్న ఒక పొడవాటి నల్లగడి పట్టీలో ఉంది. ఒక కొండ వాలులో ఆ గడికి చెందిన పొరల మందం 200 మీటర్లు అనుకుందాం. నది ఒకే వేగంతో మట్టి పరచిందని భావిస్తే, అడుగు నుంచి 60 మీటర్ల ఎత్తున దొరికిన పన్ను వయసు 1 కోటి 7 లక్షల ఏళ్ళు అవుతుంది. నది నిజంగా ఒకే వేగంతో మట్టి పరచిందా అని విద్యార్థి అడిగినప్పుడు పాఠం సగం గెలిచినట్లే. మానదండం మారడమంటే ఏమిటో కూడా ఇక్కడే చెప్పవచ్చు: ప్రపంచ వరుసలోని గళ్ళ అంచులకు తొలినాళ్ళలో ఇచ్చిన వయసులను, తరవాత మెరుగైన ఆర్గాన్ కొలతలతోనూ భూకక్ష్య మార్పుల లెక్కలతోనూ సవరించారు, ఆ సవరణతో పొట్వార్ శిలాజాల వయసులన్నీ ఒక్కసారిగా వెనక్కి జరిగాయి. హరితల్యాంగర్ అయస్కాంత వరుసను కూడా 2005లో తిరిగి పోల్చి సరిచేశారు. ఇప్పుడున్న లెక్క ప్రకారం శివాపితెకస్ శివాలిక్‌లలో సుమారు 1 కోటి 27 లక్షల ఏళ్ళ నుంచి 85 లక్షల ఏళ్ళ దాకా జీవించింది.

ఎలుక పళ్ళ డబ్బాను కొన్నవాళ్ళలో చాలామంది ఒకసారి తెరిచి మూసేసి ఉంటారు. అది తీరని నష్టం. పెద్ద జంతువుల ఎముకలు అరుదుగా దొరుకుతాయి, నదిలో కొట్టుకుపోతాయి, ఒక జాతి లక్షల ఏళ్ళు మార్పు లేకుండా కొనసాగుతుంది. ఎలుకల తరాలు త్వరగా మారుతాయి, పళ్ళూ త్వరగా మారుతాయి. మట్టిరాయిని బస్తాలకొద్దీ నానబెట్టి సన్నని జల్లెడలో కడిగితే, ఆవగింజంత పళ్ళు వందలకొద్దీ తేలుతాయి. పెట్టెలోని రెండింటిలో పాతది యాంటెమస్, సుమారు 1 కోటి 38 లక్షల ఏళ్ళ నాటిది; కొత్తది ప్రొగోనొమిస్, దాదాపు 1 కోటి 20 లక్షల ఏళ్ళ దగ్గర కనబడేది. రెండింటినీ పక్కపక్కన పెడితే పంటి మీది మొనలు ఎలా అడ్డవరుసలుగా సర్దుకున్నాయో కంటికి కనబడుతుంది. ప్రయోగశాలల్లోని చిట్టెలుక, పెద్దెలుక వంశాలు ఎప్పుడు విడిపోయాయో జన్యువులతో లెక్కకట్టేవారు ఎంతోకాలం ఆధారంగా తీసుకున్న తేదీ ఈ శివాలిక్ పళ్ళ నుంచి వచ్చినదే. అచ్చులో మొనల అంచులు పదునుగా దిగాయి. పెట్టె మొత్తంలో పనితనానికి మొదటి బహుమతి ఇవ్వవలసివస్తే నేను ఈ రెండు పళ్ళకే ఇస్తాను.

లిస్ట్రియోడాన్ పంది పన్ను కూడా ఇదే పనికి వస్తుంది. రెండు అడ్డ గట్లతో చూడగానే గుర్తుపట్టగల పన్ను అది. శివాలిక్ పొరలలో హిప్పారియన్ వచ్చిన తరవాత ఈ పంది ఎక్కువ కాలం నిలవలేదు. రెండు పళ్ళూ ఒకే పొరలో దొరికితే ఆ పొరకు చాలా ఇరుకైన కాలావధి దొరికినట్లు. అయితే లిస్ట్రియోడాన్ దొరకలేదు కనుక ఆ పొర తరవాతిదే అని చెప్పడం ప్రమాదం. దొరకకపోవడానికి ఎన్నో కారణాలు ఉంటాయి. వాన కోతకు పై పొర నుంచి జారి కింది పొర మీద పడిన పన్ను మరొక ప్రమాదం. 1830ల నాటి హ్యూ ఫాల్కనర్, ప్రోబీ కాట్లీ కాలం నుంచి పోగైన పాత సేకరణలలో చాలావాటికి ఏ పొర నుంచి తీశారన్న వివరం లేదు కనుకనే, అవి ఎంత అందంగా ఉన్నా కాలనిర్ణయానికి అంతగా పనికిరావు. పుస్తకంలో ఈ జాగ్రత్తలలో ఒక్కటీ లేదు.

చిత్రపటం గురించి కఠినంగానే రాయాలి. ఒక నది ఒడ్డున చెట్టు మీద శివాపితెకస్, చెట్టు కింద స్టెగోడాన్, నీళ్ళలో నీటిగుర్రం, గడ్డిలో జిరాఫీల బంధువైన కొమ్ముల శివాథీరియం, పక్కన రాక్షస తాబేలు, దూరంగా హిప్పారియన్ మంద. బొమ్మ వేసినవారి చేతిలో నైపుణ్యం ఉంది. కాని శివాపితెకస్ 85 లక్షల ఏళ్ళ దగ్గర కనుమరుగైంది. నీటిగుర్రం శివాలిక్‌లలో కనబడేది సుమారు 60 లక్షల ఏళ్ళ నుంచి. శివాథీరియం ఇంకా తరవాత ఎగువ శివాలిక్ పొరలలోది. ఆ చెట్టు మీది ప్రాణి కింద ఉన్న జంతువులలో సగాన్ని ఎన్నడూ చూసి ఉండదు. వానరం పక్కన గీయవలసినవి పెట్టెలోనే పళ్ళుగా ఉన్నాయి: జిరాఫోకెరిక్స్, డైనోథీరియం, లిస్ట్రియోడాన్, మూషిక జింక. కాలనిర్ణయం నేర్పడానికి అమ్మే వస్తువులో రెండు వేర్వేరు కాలాల జంతువులను ఒకే చెట్టు నీడన నిలబెట్టడం చిన్న పొరపాటు కాదు. మేము ఆ పటాన్ని గోడకు తగిలించలేదు. ఇందులో ఎవరు ఎవరిని చూసి ఉండరు అని అడిగే ప్రశ్నగా పరీక్షలో వాడుకున్నాము. స్టెగోడాన్ పన్ను నకలును కూడా అదే కారణంగా మూడో అర నుంచి తీసి విడిగా పెట్టాము.

వానరం ఎందుకు అంతరించింది అన్న పేరాలో హిమాలయాలు పెరగడమే కారణమని ఒక్క వాక్యంలో తేల్చేశారు. పాత నేలల్లో ఏర్పడిన సున్నపు గడ్డలలోని కార్బన్ ఐసోటోపులను (బరువులో తేడా ఉన్న కార్బన్ రకాలను) కొలిచి, సుమారు 80 లక్షల నుంచి 60 లక్షల ఏళ్ళ మధ్య అక్కడ అడవి తగ్గి వేడిదేశపు గడ్డి మైదానాలు విస్తరించాయని జే క్వేడ్, థ్యూర్ సెర్లింగ్ బృందం 1989లో చూపింది. వానరం ఆ మార్పు పూర్తికాకముందే, బహుశా మొదలయ్యే వేళకే లేకుండాపోయింది. ఏది ముందు, ఏది తరవాత అన్నది తేలకుండా ఏది దేనికి కారణమో చెప్పలేము కదా. వయసుల అవసరం అక్కడే తెలుస్తుంది. పాఠంగా మలచడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు, దాన్ని వదులుకున్నారు.

పెట్టెలో లేనివి కూడా రెండు చెప్పాలి. జమ్మూ ప్రాంతంలోని రామ్‌నగర్‌లో 2015లో దొరికి, 2020లో కపి రామ్‌నగరెన్సిస్ అనే పేరుతో ప్రకటించిన చిన్న దంతం నేటి గిబ్బన్‌ల పూర్వీకుల వైపుదని పరిశోధకుల అభిప్రాయం. దాని వయసును ఒక అంకెగా కాక, 1 కోటి 38 లక్షల నుంచి 1 కోటి 25 లక్షల ఏళ్ళ మధ్య అని చెప్పారు. ఆ అవధి తేలింది దానితో పాటు దొరికిన ఇతర క్షీరదాలను పొట్వార్ కాలక్రమంతో పోల్చడం వల్ల. గుజరాత్‌లోని కచ్ఛ్‌లో దొరికి 2018లో ప్రకటించిన వానరపు పై దవడకు కూడా తోడు జంతువులను బట్టే సుమారు 1 కోటి 10 లక్షల నుంచి కోటి ఏళ్ళ మధ్య వయసు కట్టారు. శివాలిక్ కొండలకు ఇంత దక్షిణంగా అటువంటి వానరం దొరకడం అదే మొదటిసారి. ఈ రెండింటి నకళ్ళు ఇవ్వలేకపోయినా, కనీసం వాటి కార్డులు పెట్టి ఉంటే, వయసును ఎలా రాయాలో మిగిలిన కార్డులకు అవే ఒరవడిగా ఉండేవి.

దీనికి బదులు అదనపు కానుకగా చైనాకు చెందిన జైగాంటోపితెకస్ అనే రాక్షస వానరపు దవడ పన్ను నకలు ఒకటి వేశారు. బొటనవేలికన్నా వెడల్పయిన ఆ పన్నును చూసి పిల్లలు నోరు వెళ్ళబెడతారు, అందులో సందేహం లేదు. కాని అది శివాలిక్‌ది కాదు, దాని కాలమూ వేరు, దాని వయసు కట్టే విధానమూ వేరు. 2024లో ప్రకటించిన పరిశోధనలో దక్షిణ చైనా గుహలలోని మట్టికీ దంతాలకూ అనేక పద్ధతులు కలిపి ప్రయోగించి, ఆ రాక్షస వానరం 2 లక్షల 95 వేల నుంచి 2 లక్షల 15 వేల ఏళ్ళ మధ్య అంతరించిందని చెప్పారు. శివాపితెకస్‌తో పోలిస్తే అది నిన్న మొన్నటి సంగతి. గుహల పాఠం చెప్పదలచుకుంటే మనకు నంద్యాల జిల్లా బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు ఉన్నాయి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1880లలో అక్కడ తవ్వించి తీసిన జంతువుల ఎముకలను వర్ణించిన రిచర్డ్ లైడెక్కర్, 1879లో శివాలిక్ వానరపు దవడను తొలిసారి వర్ణించిన ఆ లైడెక్కరే. మా విద్యార్థులు బేతంచెర్ల నాపరాళ్ళ మీద నడుస్తూ పెరిగినవారు కనుక ఈ సంబంధం చెప్పగానే చెవులు నిక్కించారు.

ఇక వ్యవహారం సంగతులు. ధర ఇరవై వేలకు కాస్త తక్కువ, పన్ను, రవాణా కలిపి. నురుగు అరలు గట్టిగా ఉన్నాయి, ఒక్క నకలు కూడా విరగలేదు. మూతకున్న గొళ్ళెం నాసిరకం, కొద్ది నెలల్లో ఊడింది. జిరాఫోకెరిక్స్, మూషిక జింక పళ్ళకు రంగు ఒకేలా వేసినందువల్ల, పరిమాణం తప్ప మరో తేడా పిల్లలకు అందదు. పుస్తకానికి తెలుగు అనువాదం ఇవ్వగలరా అని అడిగితే మర్యాదగా కుదరదన్నారు. కార్బన్ పరీక్ష పుట గురించి రాసినప్పుడు మాత్రం రెండు రోజుల్లో జవాబు వచ్చింది, తరవాతి ముద్రణలో తీసేస్తామన్నారు. వయసుల కార్డుల విషయంలో ఇంకా మాట తేలలేదు. ఒక అంకె అయితే కొనేవాళ్ళకు సులువుగా ఉంటుందని వారి వాదన. మేము ఆ కార్డుల వెనక వైపు తెలుగులో మా సొంత చీటీలు అంటించాము. ప్రతి చీటీ మీదా కనిష్ఠ వయసు, గరిష్ఠ వయసు, అవి ఏ ఆధారంతో తేలాయి, ఆ ఆధారం మళ్ళీ దేని మీద నిలబడింది అనే నాలుగు వరుసలు ఉంటాయి. ఎవరైనా భూవిజ్ఞాన అధ్యాపకులు అడిగితే ఆ చీటీలు పంపించడానికి మాకు అభ్యంతరం లేదు.

కళాశాల విభాగానికైతే ఈ పెట్టెను కొనమనే చెబుతాను, కార్డులనూ పటాన్నీ పక్కన పెట్టి సొంతంగా పాఠం రాసుకోగల అధ్యాపకుడు ఉంటేనే. ఉన్నత పాఠశాలకు ఇంత ధర అనవసరం. ఆ సంస్థే మూడో అరనూ, ఎలుక పళ్ళ డబ్బానూ, గళ్ళ పట్టీలనూ కలిపి విడిగా కూడా అమ్ముతుంది. మొత్తం ధరలో మూడో వంతు కూడా కాదు, అడిగితేనే చెబుతారు, వెబ్‌సైటులో కనబడదు. వానరపు ముఖం కావాలంటే పుస్తకాలలో మంచి ఫోటోలు ఎన్నో దొరుకుతాయి. హిప్పారియన్ పంటి మీది ఎనామెల్ దీవిని మాత్రం వేలితో తడిమి చూడాలి, కనుక ఆర్డరు పెట్టేటప్పుడు ఆ విడి అర గురించి ఫోన్ చేసి ప్రత్యేకంగా అడగండి.